వంపు తెర ముందు నాగజ్యోతి కుర్చీ

దర్శి బస్టాండు వెనక సందులో గౌస్ బాషా గారి ఫ్లెక్సీ షాపు ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా కంప్యూటరు ముందు కూర్చునే మనిషి నాగజ్యోతి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి పెళ్లి కుదిరినా, ఎవరు కాలం చేసినా, ఆ మొహాలు ఆవిడ చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఎవరి బుగ్గ మీద మచ్చ తుడవాలో, ఎవరి బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించాలో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. చెప్పబోతే ఊరుకోదు కూడా.

ఆవిడ కొలతలు ఆవిడవి. పాత మానిటర్ పదిహేడంగుళాలది, చదరంగా ఉండేది. దాని మీద వేళ్లు ఆనించి చూసుకునేది. ముఖ్యమైన మనిషి తల నాలుగు వేళ్లు, ఆ తర్వాతి వాళ్లది రెండు వేళ్లు, కింద వరసలో శుభాకాంక్షలు చెప్పే బంధుమిత్రులది గోరంత. ఈ లెక్క దర్శి జనానికి ఎంత అలవాటైపోయిందంటే, "మా మావకి నాలుగు వేళ్లు తగ్గకుండా పెట్టమ్మా" అంటూనే గుమ్మంలోకి వచ్చేవాళ్లు.

ఈ ఏడు మిరప కోతలు అయిపోగానే బాషా గారికి పోటీ షాపు మీద కోపం వచ్చి, నలభై తొమ్మిది అంగుళాల మానిటర్ తెచ్చి పెట్టాడు. అది మానిటర్ కాదు, అడ్డంగా పడుకోబెట్టిన తలుపు. పైగా వంపు తిరిగి, కూర్చున్నవాళ్లని రెండు పక్కల నించీ కౌగిలించుకునేలా ఉంటుంది. "మీ ఫ్లెక్సీ పెద్ద తెర మీద చూసుకోండి" అని బయట బోర్డు కూడా కట్టాడు. గది చూస్తే పదడుగులు. బల్ల గోడకి ఆనుకుని ఉంది, నాగజ్యోతి కుర్చీ వెనక జానెడు జాగా వదిలి బాషా గారి బల్ల. వెనక్కి జరగడానికి లేదు. తెరకి మూరెడు దూరంలో ముక్కు పెట్టుకుని పనిచెయ్యాలి.

పనిముట్లన్నీ తెర ఎడమ చివర, రంగులన్నీ కుడి చివర. ఎరుపు కావాలంటే మెడ ఇటు తిప్పాలి, ఆ ఎరుపు పుయ్యాలంటే అటు తిప్పాలి. రెండో రోజుకే మెడ పట్టేసింది. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఎవరైనా పలకరిస్తే మనిషి మొత్తం తిరిగి జవాబు చెప్పేది.

మెడ సంగతి సరే, పని కూడా చెడింది. మొదట ఒక పెద్దాయన సంతాపం ఫ్లెక్సీ. అలవాటుగా నాలుగు వేళ్లు పెట్టి కొలిచింది. అంత పెద్ద తెర మీద నాలుగు వేళ్లెంత! అచ్చయి వచ్చేసరికి పోయినాయన తల శనగగింజంత ఉంది, చుట్టూ తెల్లటి మబ్బులే. ఇంతకీ పోయిందెవరని ఊళ్లో అందరూ అడగడం మొదలుపెట్టారట. తర్వాత పాస్టర్ జయపాల్ గారి ఉజ్జీవ సభల ఫ్లెక్సీ. వంపు తెర మీద పైవరస అక్షరాలు కిందకి జారినట్టు కనబడితే, పాపం సరిచేద్దామని పైకి వంచింది. అచ్చులో వరసంతా విల్లులా వంగి వచ్చింది. పాస్టర్ గారు చాలాసేపు చూసి, "ఇంద్రధనస్సు కూడా దేవుడిచ్చిన వాగ్దానమేలే అమ్మా, అలాగే కట్టేద్దాం" అన్నారు. మంచి మనిషి కాబట్టి సరిపోయింది. పురుగుమందుల షాపువాళ్లు అంత మంచివాళ్లు కాదు. వాళ్ల ఫ్లెక్సీ కుడి మూలన "ఇక్కడ మీ అడ్రసు రాయవలెను" అని నమూనాలో ఉన్న మాట అలాగే అచ్చయింది. ఆ మూల దాకా ఆవిడ చూపు పోలేదు మరి.

బాషా గారు చెడ్డవాడు కాదుగానీ, కొత్త వస్తువు కొన్న మనిషి దాని తప్పు ఒప్పుకోడు.

"జ్యోతమ్మా, ఇంకొక్క ఫ్లెక్సీ తిరిగొచ్చిందనుకో, సోమవారం నించి మంగళగిరి డిజైనర్ని పిలిపిస్తా. నువ్వు లామినేషన్ మిషను దగ్గర కూర్చుందువుగాని. జీతం అదే ఇస్తాలే" అన్నాడు.

జీతం అదే అనడమే ఆవిడకి ఎక్కువ మండింది. ఇరవై రెండేళ్లు ఊరందరికీ మొహాలిచ్చిన మనిషి ఇక ఆధార్ కార్డులకి ప్లాస్టిక్ తొడుగుతూ కూర్చోవాలి. ఆ రాత్రి అన్నం సయించలేదు. తన కళ్లే పోయాయేమోనని మొదటిసారి భయపడింది.

శనివారం పొద్దున ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పెద్దవాడు బుల్లయ్య, చిన్నవాడు శ్రీకృష్ణ. చెల్లెలు కోటేశ్వరి కూతురు తేజశ్రీకి ఓణీల ఫంక్షన్. ఓణీ తెచ్చేది మేనమామలు గనక ఫ్లెక్సీలో పిల్లకి చెరోపక్క వాళ్లిద్దరి తలలూ ఉండాలి. అంతవరకు బాగానే ఉంది, కానీ అన్నదమ్ములకి పొలంలో బోరు దగ్గర తగాదా వచ్చి రెండేళ్లుగా మాటల్లేవు. ఇద్దరి తలలూ సమానంగా లేకపోతే ఇద్దరి ఓణీలూ ముట్టుకోనని కోటేశ్వరి తెగేసి చెప్పింది. అందుకని ఇద్దరూ కలిసి వచ్చి, విడివిడిగా కూర్చున్నారు. తెరకి ఎడమ చివర స్టూలు మీద బుల్లయ్య, కుడి చివర స్టూలు మీద శ్రీకృష్ణ, మధ్యలో నాగజ్యోతి.

ఆవిడ ఎవరు కూర్చున్న వైపు వాళ్ల తల వచ్చేలా, ఇద్దరివీ సమానంగా పెట్టింది. ఎందుకైనా మంచిదని ఈసారి స్కేలుతో కొలిచింది.

"అమ్మా, నా మొహం ఈనెపుల్లలా ఉందేంటి? అవతలాయనది మాత్రం గుమ్మడికాయలా ఉంది" అన్నాడు బుల్లయ్య.

"మేడం, ఆయనకి చెప్పండి, పీక్కుపోయింది నా మొహం, ఆయనది కాదు" అన్నాడు శ్రీకృష్ణ.

మామూలు రోజుల్లో అయితే ఇద్దరికీ గడ్డి పెట్టేది. ఇప్పుడు తన కంటి మీద తనకే నమ్మకం లేదు. బుల్లయ్య తల కొంచెం పెంచింది. శ్రీకృష్ణ ఊరుకుంటాడా! అతనిదీ పెంచింది. మళ్లీ బుల్లయ్య. మళ్లీ శ్రీకృష్ణ. గంటన్నర అలా సాగింది. వెనక బల్ల దగ్గర బాషా గారు గొంతు సవరించుకుంటూ ఫోనులో ఎవరి నంబరో వెతుకుతున్నాడు. అది మంగళగిరి డిజైనర్‌దేనని వెనక్కి తిరక్కుండానే ఆవిడకి తెలిసిపోయింది.

ఇంతలో బుల్లయ్యకి ఫోను వచ్చింది. సిగ్నల్ కోసం లేచి కుడిపక్క కిటికీ దగ్గరికి వెళ్లి, మాట్లాడుతూ మాట్లాడుతూ తెరకేసి చూసి ఆగిపోయాడు.

"ఇదేందమ్మా! ఇక్కణ్ణించి చూస్తే నేనే గుమ్మడికాయలా ఉన్నా!"

నాగజ్యోతి గబుక్కున లేచి ఎడమ స్టూలు మీద ఒకసారి, కుడి స్టూలు మీద ఒకసారి కూర్చుని చూసింది. అప్పుడు తెలిసింది. వంపు తెర కదా, దగ్గరి చివర కంటికి ఓరగా తిరిగి సన్నబడిపోతుంది. దూరపు చివరేమో ఎదురుగా తిరిగి నిండుగా కనబడుతుంది. ఎవరికి వాళ్లు చిక్కిపోయినట్టు, అవతలివాడు బలిసినట్టు! ఉన్నది ఉన్నట్టు కనబడేది మధ్య కుర్చీలోనే. తన కళ్లు చక్కగా ఉన్నాయి. ఆ సంతోషానికి ఒక్క క్షణం ఏడుపొచ్చినంత పనైంది.

"నా కుర్చీలో కూర్చుని చూడండి" అంది. ఇరవై రెండేళ్లలో ఆ కుర్చీ ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు.

అయితే ముందెవరు కూర్చోవాలి? ముందు కూర్చున్నవాడు ఏదో ఒకటి మార్పించేస్తాడని రెండోవాడి అనుమానం. మళ్లీ పేచీ మొదలయ్యేలోపు ఆవిడ విసుక్కుని, "ఇద్దరూ ఒక్కసారే కూర్చోండి!" అని కేకేసింది. ఇద్దరూ చెరో సగం సర్దుకున్నారు. కింద చక్రాలున్న కుర్చీ అది, పక్కకి జారింది. పడిపోకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు.

"కాస్త జరగరా" అన్నాడు బుల్లయ్య.

"నువ్వే జరుగన్నాయ్, నాకు జాగా ఏదీ?" అన్నాడు శ్రీకృష్ణ.

రెండేళ్ల తర్వాత వాళ్లు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలు అవి. చెంపా చెంపా ఆనించి మధ్యలోంచి తెరకేసి చూశారు. తలలు రెండూ సమానంగా, బ్రహ్మాండంగా ఉన్నాయి. పేచీ పెట్టడానికి ఏమీ లేదు. అప్పుడు బుల్లయ్య మెల్లిగా అడిగాడు.

"పిల్లేదిరా?"

రెండు పెద్ద తలకాయల మధ్య, చెవులకి చెవులు తగిలే చోట, బొటనవేలంత తేజశ్రీ ఓణీ కట్టుకుని నిలబడి ఉంది. గంటన్నరగా ముగ్గురిలో ఒక్కరూ ఆ పిల్లని చూడలేదు. నాగజ్యోతికి సిగ్గేసింది. అన్నదమ్ములకి ఇంకా ఎక్కువ సిగ్గేసి ఉండాలి, ఇద్దరూ తలలు వంచుకున్నారు.

"నా తలకాయ తగ్గించమ్మా" అన్నాడు బుల్లయ్య.

"నాది అన్నకన్నా తగ్గించండి మేడం" అన్నాడు శ్రీకృష్ణ.

"వాడి మాట వినబాక. వాడికన్నా నాది తగ్గించు."

"ఇంకా తగ్గిస్తే మేనమామలు ఫంక్షన్‌కి రాలేదనుకుంటారు జనం" అని నాగజ్యోతి ఇద్దరి నోళ్లూ మూయించి, పిల్లని నిలువెత్తున నిలబెట్టి, మావయ్యలని భుజాల దగ్గర చక్కగా సర్ది, నిలబడే అచ్చు మీట నొక్కింది. మిషను లోంచి తేజశ్రీ నవ్వుతూ దిగుతుంటే అన్నదమ్ములు చెరో అంచు పట్టుకున్నారు. ఎక్కడా వంపు లేదు, వంక లేదు. తడి ఆరకముందే ఫోనులో ఫోటో తీసి చెల్లెలికి పంపారు.

వాళ్లు వెళ్లాక బాషా గారు ఫోను జేబులో పెట్టుకుని, "కొత్త మానిటర్ బాగానే పనిచేస్తోంది జ్యోతమ్మా" అన్నాడు.

"చేస్తుంది. దీనికి ఆరడుగుల దూరంలో నేను కూర్చోవాలి, కస్టమర్లు నా పక్కనే కూర్చోవాలి. అప్పుడు అందరికీ ఒకేలా కనబడుద్ది. మీ బల్ల బయటికి జరపండి" అంది ఆవిడ.

"బయటికంటే? వరండాలోకా?"

"లేకపోతే మానిటర్ బయట పెట్టుకుందాం. మీ ఇష్టం."

బాషా గారు మానిటర్ వంక, తన బల్ల వంక, ఆవిడ వంక చూశాడు. ఆదివారం పూట తనే చెమటలు కక్కుతూ బల్ల వరండాలోకి లాక్కున్నాడు.

సోమవారం పొద్దున పొదిలి నించి కొత్త బేరం వచ్చింది. వరండాలో ఎండకి తువ్వాలు కప్పుకుని కూర్చున్న పెద్దమనిషిని, "ఓనర్ గారున్నారాండీ?" అని అడిగారు. బాషా గారు గుమ్మంలోంచి లోపలికి ఒకసారి చూశాడు. గది నడుమ కుర్చీలో నాగజ్యోతి వెనక్కి వాలి, మెడ తిప్పకుండా తెర మొత్తం చూసుకుంటోంది.

"ఉన్నారు. చెప్పులు ఇక్కడ విడిచి లోపలికెళ్లండి" అన్నాడు.