చెవిలో చెప్పిన పేరు

పాయా లేబర్ స్టేషన్‌లో మెట్రో రైలెక్కాక నా పక్కన ఒక తెలుగు పిల్ల కూర్చుంది. ఒళ్లో నెల నిండని బిడ్డ, ఎదురుగా నిలబడి మొగుడు. బిడ్డ పేరేమిటని అడిగాను.

"దెజిరే అని పెట్టాలనుంది, ఆంటీ. ఫ్రెంచి పేరు. కోరి కన్న బిడ్డ అని అర్థం. వాళ్ల కథల్లో ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక పుట్టిన పిల్లకి ఈ పేరు పెడతారు," అందా పిల్ల.

మొగుడు నవ్వాడు. "మూడోది కూడా ఆడపిల్లే, ఆంటీ. దీన్ని కోరిందెవరు? ఏదో ఒక సింపుల్ పేరు పెట్టేస్తే సరిపోతుంది."

నాకు ఒళ్లు మండిపోయింది.

"నా పేరు చాలమ్మ. నేను నాలుగో ఆడపిల్లని. ఇక ఆడపిల్లలు చాలని దేవుడికి వినపడాలని మా నాయనమ్మ ఆ పేరు పెట్టింది. నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని మొట్టమొదట రాసింది ఆ పేరే. నేను ఎవరికీ అక్కర్లేదని నా చేత్తో నేనే రాసుకున్నానయ్యా!"

పెట్టెలో అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆ పిల్ల బిడ్డని తీసి నా ఒళ్లో పెట్టింది. "మీరే చెవిలో చెప్పండి, ఆంటీ," అంది.

బారసాలలో చెప్పినట్టే ఆ చిట్టి చెవికి నోరానించి చెప్పాను. ఆ పరాయి పేరుకి నా నోరు సరిగా తిరగలేదు. అర్థం మాత్రం తెలుగులో గట్టిగా చెప్పాను, తండ్రికి కూడా వినపడేలా.

బూన్ లేలో దిగేటప్పుడు అతను తలొంచుకుని, "సారీ ఆంటీ," అన్నాడు.

"నాకెందుకయ్యా? దానికి చెప్పు," అన్నాను.