ముడులేసిన డబ్బాలు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. నా అంత తెలివైన కోడలు మా పల్లెలో లేదని నేనే అనుకునేదాన్ని, ఇంకెవరూ అనకపోయినా. ఇప్పుడు తల నెరిసింది, మొగుడు పోయాడు, ఒక్కదానికే వండుకుంటున్నాను. వండుకుంటూ ఉంటే నా అప్పటి తెలివితేటలు ఒక్కొక్కటే గుర్తొస్తాయి. కొన్నిటికి నవ్వొస్తుంది. ఈ ఒక్కదానికి మాత్రం నవ్వు మొదలవుతుంది గానీ చివరిదాకా రాదు. (నా చదువు సంతకం దాకానే. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఎక్కడైనా మరీ పుస్తకంలా ఉంటే అది దాని మాట, నాది కాదు.)

శ్రీకూర్మం దాటి సముద్రం ఒడ్డున మా పల్లె. మా ఇళ్ళల్లో వేట మగవాళ్ళది, అమ్మకం ఆడవాళ్ళది. మా అత్త ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు ఆ గంప తనే తెచ్చి నా నెత్తిన పెట్టింది. "మోకాళ్ళు ఒగ్గేసినాయే. ఇంక గంప నీది, పొయ్యి నాది" అంది. ఆ రోజు నుంచి నన్ను పొయ్యి దగ్గరకి రానిచ్చేది కాదు. నేను కూడా వెళ్ళేదాన్ని కాదనే చెప్పాలి, ఊళ్ళు తిరిగి వచ్చి కాళ్ళు చాపుకుంటే కంచం ముందుకొచ్చేది. ఆవిడకో భయం ఉండేది. గంపా మొయ్యని, పొయ్యీ చూడని ఆడది అరుగు మీద కూర్చుని పెట్టింది తినాలి. "మా అత్త ఆరేళ్ళు అరుగు మీద కూకుంది. గిన్నెలో ఏటి ఏస్తే అదే తింది. నాను అలా కూకోను" అని వారానికోసారైనా అనేది. ఆవిడకి ఇంట్లో ఉన్న పెద్దరికమంతా ఆ పొయ్యి చుట్టూనే ఉండేది.

అలాంటి వంటింటిని మా ఆయన పడగొట్టాడు. మా ఆయన అంటే ఆవిడ కొడుకే, నాకు మేనబావ. పాత వంటిల్లు తాటాకు పాక, మట్టిపొయ్యి, వానొస్తే లోపలా బయటా ఒకటే తడి. దాని చోట శ్లాబు వేసి, గ్యాసు పెట్టి, నిలబడి వండుకునేలా గట్టు కట్టిస్తానన్నాడు. "గంప మోసి నీ మెడలు పడిపోతన్నాయి. రేపు మా అమ్మకి ఓపిక నేకపోతే నువ్వూ పొగలో కూకోవాలేటి" అన్నాడు నాతో. అత్త రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు కుండలన్నీ తనే బయటికి మోసింది.

వంటిల్లు అయ్యేదాకా వలల పాకలో వంట. చేపలు పోసే ప్లాస్టిక్ ట్రేలు రెండు బోర్లించి, వాటి మీద ఒంటి పొయ్యి పెట్టాం. నెత్తి మీద వలలు, పక్కన తాళ్ళ చుట్టలు, కాళ్ళ కింద వల బెండ్లు. ఏ కూర వండినా తారు వాసనే. గుమ్మానికి అడ్డంగా వేలాడే వలలో అత్త రోజూ చిక్కుకునేది. మా వీధిలో రేడియో అప్ప అని ఒకావిడ ఉండేది, ఏ సంగతైనా ఆవిడ చెవిన పడితే చాలు, సాయంత్రానికి పల్లెంతా వినేది. ఆవిడ ఓ రోజు తొంగిచూసి, "ఏటే, ఈయాల మీ వల్లో ఏటి పడిందే" అంది. "మా అత్త పడింది" అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అత్త వల విడిపించుకుని పొయ్యి దగ్గరకి పోయింది.

ఇక నా తెలివి. పాత వంటింట్లో ఉప్పు మూతి విరిగిన కుండలో ఉండేది, చింతపండు జాడీలో, పసుపు కొబ్బరిచిప్పలో, కారం ఎప్పటిదో బిస్కెట్ల రేకుడబ్బాలో. ఒకదాని పొంకం ఇంకోదానికి లేదు. కొత్త వంటింటికి ఆ దరిద్రం ఎందుకని ఆమదాలవలస వెళ్ళి ఎర్ర మూతల ప్లాస్టిక్ డబ్బాలు డజను తెచ్చాను, అన్నీ ఒకే సైజు. సరుకులన్నీ అప్పుడే వాటిలో పోసి పాకలో వరసగా పెట్టి, పాతవన్నీ పారేశాను. దుకాణంలో పెట్టినట్టుంది. అత్త ఆ వరస మీద ఈ చివర నుంచి ఆ చివరకి చెయ్యి వేసి తడిమింది. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయేటే" అంది. "అదే కదత్తా అందం" అన్నాను.

మర్నాడు టీలో ఉప్పు. ఆ మర్నాడు కానాగంత చేపల పులుసులో పంచదార. మా బావ అది కొత్త రకం వంటనుకుని సగం తినేశాడు పాపం. పప్పులో ఉప్పు లేదని నేనంటే, "ఏశాను కదే" అంటుంది, వేసింది సోడాపొడి. కొత్త వంటిల్లు ఇష్టం లేక సాధిస్తోందనుకున్నాను. నా డబ్బాల మీద కక్షనుకున్నాను. అంతటితో ఊరుకున్నానా, వీధి కుళాయి దగ్గర అత్త డబ్బా మూత తీసి వాసన చూడటం, వేలు నాకి మొహం చిట్లించడం అన్నీ చేసి చూపించేదాన్ని. బిందెలు వదిలేసి మరీ నవ్వేవారు ఆడవాళ్ళు. (ఇది రాయొద్దంటోంది మా అమ్మాయి. రాయవే, చేసిన పనే కదా.)

ఇలా ఉండగా మేస్త్రి నా డబ్బాల్లో ఖాళీది ఒకటి అడిగాడు. టైల్స్ సందుల్లో పెట్టే తెల్ల సిమెంటు అందులో పోసుకుని, వానకి తడవకుండా తెచ్చి మా పాకలోనే పెట్టాడు. ఆ రోజు అత్త ఎండు రొయ్యలు వేసి ఆనపకాయ పులుసు పెట్టింది. మా వైపు ఆ పులుసు చిక్కబడడానికి బియ్యప్పిండి కలుపుతాం. నేను అమ్మకం నుంచి వచ్చేసరికి బావా, మేస్త్రీ కంచాల ముందు కూర్చున్నారు. అత్త గరిటె ముంచి వదిలింది. గరిటె నిలబడింది. మేస్త్రి కాస్త తీసి వేళ్ళతో నలిపి చూసి, "ఇది నా తెల్ల సిమెంటు అమ్మా. పాళ్ళు మాత్రం నాకన్నా నువ్వే బాగా కలిపినావు" అన్నాడు. బావ పగలబడి నవ్వాడు. అరటిపళ్ళతో సరిపెట్టుకుని ఇద్దరూ పనిలోకి పోయారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆకలి మీదున్నాను. అత్తని పాక వెనక్కి తీసుకెళ్ళి నోటికొచ్చినట్టు అన్నాను. "మమ్మల్ని సంపేద్దామనా? పిండేదో సిమెంటేదో తెలీదా? కళ్ళు కనపడ్డం నేదా నీకు?"

అత్త చీరకొంగు అంచు మడత పెడుతూ నిలబడింది.

"నేదు" అంది.

కోపంతో అన్నదేమో అనుకున్నాను. మొహం చూస్తే కోపం లేదు. నాలుగేళ్ళ నుంచీట. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటితో వెదురుబొంగులోంచి చూసినట్టు మధ్యలో కాస్త కనబడుతుంది, చుట్టూ చీకటి. మోకాళ్ళకి ఏ జబ్బూ లేదు. రోడ్డు మీద బస్సు కిందకి పోబోయి బతికింది, అందుకని గంప నాకిచ్చేసింది. పాత వంటింట్లో ఏది ఎక్కడుందో చేతికి తెలుసు. మూతి విరిగింది ఉప్పు, చిప్ప పసుపు. "నీ డబ్బాలొచ్చాక నా సేతులు కూడా గుడ్డివైపోయినాయే" అంది.

నేను ఏడుపందుకున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. "నీ మొగుడికి సెప్పకు. ఆడు సెడ్డోడైతే భయం నేదు, తిట్టి ఊరుకుంటాడు. ఆడు మంచోడు. అమ్మకి కష్టమనీసి అరుగు మీద కూకోబెట్టేస్తాడు." శ్రీకూర్మం సామి మీద నాతో ఒట్టు వేయించుకుంది.

ఆ సాయంత్రమే వల నూలు తీసి డబ్బాల మెడలకి కట్టాం. ఉప్పుకి ఒక ముడి, పంచదారకి రెండు, కారానికి మూడు. చిన్నప్పటి నుంచి వలలు బాగుచేసిన వేళ్ళు ఆవిడవి, ముడి మీద నుంచి అలా పోతూనే చెప్పేసేవి. బావ చూసి, "డబ్బాలకి మొలతాళ్ళేటే" అన్నాడు. "దిష్టికి" అన్నాను. ఆ మాట రేడియో అప్ప చెవిన పడింది. వారం తిరిగేసరికి మా వీధిలో సగం ఇళ్ళలో డబ్బాలకి ముడుల తాళ్ళు. "పంచదారకి ఎన్ని ముడులే? రెండేశాను, సాలవేమో" అని నన్నే అడిగేవారు. నేను పూజారిలా ఆలోచించి చెప్పేదాన్ని.

గట్టు సంగతి అంత తేలిగ్గా అవలేదు. నిలబడితే మంట ఎక్కడుందో అత్తకి అందదు, పీట మీద కూర్చుంటే వేడి మొహానికి తగిలి తెలుస్తుంది. అప్పటికే నడుమెత్తు గట్టు అయిపోయింది. మోకాలెత్తుకి దించమన్నాను. "అందరూ ఎత్తమంటారు, నువ్వేటి దించమంటన్నావు" అని మేస్త్రి తల గోక్కున్నాడు. "నీ కోసమే కదే కట్టించాను" అన్నాడు బావ. నిలబడితే నాకు నడుం లాగుతుందని అబద్ధమాడాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆ మొహం ఇప్పటికీ నాకు కనబడుతూనే ఉంటుంది. గట్టు దించారు. పాలు పొంగించింది అత్తే. ఆ తర్వాత ఏడాదిన్నర అత్తే వండింది, ఒక్క పూట తేడా రాలేదు. ఎవరికీ తెలియలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మిగిలిన కాస్త వెలుగూ రెండో ఏడు వానల్లో పోయింది. అత్త పట్టపగలు గుమ్మానికి కొట్టుకుని నుదురు చిట్లింది. బావ శ్రీకాకుళం కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాడు, నేనూ వెళ్ళాను. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందని, పోయిన చూపు రాదని డాక్టరమ్మ చెప్పింది. రెండేళ్ళ ముందు తెచ్చి ఉంటే, రోజూ చుక్కలు వేసుకుని ఉంటే, ఉన్నదైనా నిలిచేదంది. బావ నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

ఆయన లేచి బయటికి నడిచాడు. బస్సులో ముందుకి పోయి కూర్చున్నాడు. వెనక సీట్లో నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే అత్త నా మోకాలి మీద తట్టింది. "ఊరుకోయే. కళ్ళుంటే పొయ్యి ఉండేది కాదు. నాకిదే బాగుంది" అంది. నేనది నమ్మాను. నమ్మితే కాస్త ఊపిరాడింది.

మర్నాడు అత్త మామూలుగానే వంటింట్లోకి వెళ్ళింది. బావ వేటకి పోకుండా వెనకే వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. ఇక అరుగు మీదకి తీసుకెళ్తాడని నేను గోడ పక్కన నక్కి చూస్తున్నాను. ఆయన ఆవిడ బియ్యం కడగడం చూశాడు, డబ్బాలు తడమడం చూశాడు. అంతా చూశాక లేచి అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించాడు. "సెయ్యి కాల్సుకుంటావు, ఎలిగించడం ఒక్కటి నాకొగ్గీయే అమ్మా. మిగతాది నువ్వు సూసుకో" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి పొయ్యి వెలిగించాకే వేటకి పోయేవాడు. అత్త పోయే నెల ముందు దాకా అలాగే వండింది.

అంటే ముందే చెప్పినా ఆయన అంతే చేసేవాడు. అత్తకి కళ్ళూ ఉండేవి, పొయ్యీ ఉండేది. ఆ సంగతి అత్తకీ ఆ క్షణమే తెలిసిందని నాకు తెలుసు, కడిగేసిన బియ్యమే మళ్ళీ కడుగుతూ కూర్చుంది. మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బావ కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని కూర్చుంటాను. తిట్టుకుంటాను కూడా. ఇంతలో ఒకటి గుర్తొస్తుంది. రహస్యం ఏడాది నిలిచిందని ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా శ్రీకూర్మం నడిచి వెళ్ళి, సామికి కొబ్బరికాయ కొట్టి, ముక్కలు వీధంతా పంచింది. ఏటి మొక్కే, ఏటి మొక్కే అని అందరూ అడుగుతుంటే మూతి బిగించుకుని నవ్వింది. మా బావ కూడా ఓ ముక్క తీసుకుని కళ్ళకద్దుకుని తిన్నాడు.