పిల్లల బండెక్కిన ఏసోబు

ఆదివారం ఉదయం ఆరాధనలో ఏసోబుకి నిద్ర ముంచుకొస్తుంది. పాస్టరుగారు వాక్యం చదువుతున్నంతసేపూ తల వంచుకుని కళ్ళు మూసుకుంటాడు. చూసేవాళ్ళు భక్తి అనుకుంటారు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న భార్య హెలెన్‌కి మాత్రం సంగతి తెలుసు. ముందు రోజు శనివారం. శనివారం సాయంత్రం కూడా బీచ్‌కి జనం బాగానే వస్తారు.

మధ్యాహ్నం మూడింటికల్లా అతను కొత్తపట్నం సముద్రం ఒడ్డున ఉండాలి. అక్కడ పాత లారీ టైర్లను సగం వరకూ ఇసకలో పాతి, గుండ్రంగా ఒక బాట చేశారు. దాని మీద చిన్నపిల్లలు నడిపే నాలుగు చక్రాల బుల్లి బండ్లు తిరుగుతుంటాయి. మొత్తం ఐదు. పెట్రోలుతో నడుస్తాయి. పెద్దవాళ్ళు పక్కన నిలబడితే సీటు మోకాలి దగ్గరికి వస్తుంది. బ్రేకు ఎక్కడుందో భయంలో మర్చిపోయే వయసు పిల్లలు నడుపుతారు కాబట్టి ప్రతి బండికీ వెనక ఒక తాడు ఉంటుంది. అది లాగితే ఇంజను ఆగిపోతుంది. ఆ తాడు పట్టుకుని బండి పక్కన పరిగెత్తటం ఏసోబు పని. మూడేళ్ళు అదే చేశాడు. వయసు నలభై నాలుగు.

అంతకు ముందు పద్నాలుగేళ్ళు చీమకుర్తిలో గ్రానైటు పలకలు నునుపు పెట్టే యూనిట్లో పనిచేశాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందనీ, ఇంకా అక్కడే ఉంటే మనిషి దక్కడనీ ఒంగోలులో డాక్టరు చెప్పాడు. అప్పుడు భార్యనీ కూతురు మహిమనీ తీసుకుని హెలెన్ పుట్టిన ఊరికి వచ్చేశాడు. ఆ ఊరు కొత్తపట్నం దారిలోనే ఉంది. హెలెన్ కోల్డ్ స్టోరేజీలో ఎండు మిరపకాయలకి తొడిమలు తీసే పనికి కుదిరింది. మహిమ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఏసోబుకి సముద్రం గాలి మంచిదని ఎవరో అన్నారు. గాలి మంచిదే. కానీ ఇసకలో పరిగెత్తేవాడికి ఆ గాలి పీల్చుకునే తీరికేదీ?

పిల్లలతో అతనికి ఇబ్బంది లేదు. పిల్లలు తేలిక. ఏడ్చేవాళ్ళు కూడా రెండో చుట్టుకి సర్దుకుంటారు. అసలు అలుపంతా పెద్దవాళ్ళతోనే. "మా వాడు ఒక్కడే భయపడుతున్నాడు, నేనూ పక్కన ఇంకో బండి మీద వస్తా" అంటూ తండ్రులు దిగేవాళ్ళు. ముప్పై ఐదు కేజీలు దాటినవాళ్ళు ఎక్కకూడదని బోర్డు ఉంది. ఆ బోర్డుకి ఆనుకునే చెప్పులు విప్పేవాళ్ళు.

"బరువెంత సార్?" అని ఏసోబు అడిగేవాడు.

"అరవై."

ఎవరినడిగినా అరవయ్యే. మెడ కింద మూడు మడతలున్న ఆయన కూడా అరవయ్యే. ఎక్కగానే వెనక చక్రాలు ఇసకలో దిగబడేవి. మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. ఏసోబు వెనక నుంచి భుజం ఆనించి తోసేవాడు. బండి కదిలాక పిల్లవాడి దగ్గరికి పరిగెత్తేవాడు. మొదటి చుట్టు పిల్లవాడి కోసం తిరిగిన తండ్రి, రెండో చుట్టుకి పిల్లవాణ్ణి మర్చిపోయి "హోయ్" అని అరుస్తూ ముందుకెళ్ళిపోయేవాడు. ఆ ఇద్దరి మధ్యా ఏసోబు.

ఒక్క మనిషి మాత్రం అరవై అనలేదు. కార్తీక స్నానానికి పర్చూరు వైపు నుంచి ట్రాక్టర్లో వచ్చిన ముసలావిడ. మనవరాలు ఒంటరిగా ఎక్కనంటే తనూ వస్తానంది. బరువెంతమ్మా అంటే, "ఏమో నాయనా, ఎప్పుడూ తూయించుకోలా. మిరపకాయ టిక్కీ బస్తాలే తూస్తారు గాని మమ్మల్నెవరు తూస్తారు?" అంది. ఏసోబు ఆమెని ఎక్కించి, రెండు చుట్లూ బండి హ్యాండిలు మీద చెయ్యేసి పక్కనే నడిచాడు. చుట్లు అయిపోయాక కూడా ఆవిడ కాసేపు దిగలేదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు కసురుకున్నారు. ఏసోబు మాత్రం దిగమనలేదు. తన కాళ్ళకి కూడా ఆ కాసేపే విశ్రాంతి.

మోకాలు దెబ్బతిన్నది పోయిన జనవరిలో. వంకాయరంగు చొక్కా వేసుకున్న ఒకాయన, ఆరేళ్ళ కూతురు. నాన్న కూడా వస్తేనే ఎక్కుతానని పాప మొండికేసింది. ఇద్దరికీ చెరో బండి ఇచ్చారు. ఏసోబు పాప బండి తాడు పట్టుకుని పరిగెత్తుతున్నాడు. వెనక తండ్రి ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ ఎత్తి కూతుర్ని వీడియో తీస్తున్నాడు. మలుపు దగ్గర పాప భయపడి వేగం తగ్గించింది. తండ్రి తగ్గించలేదు. ఆయన చూస్తున్నది ఫోన్లోకి. ఆయన బండి తాడు లాగుదామంటే ఏసోబుకి అందదు. ఇంకేమీ తోచక రెండు బండ్ల మధ్యలో తన కాలు పెట్టాడు.

చక్రం వచ్చి మోకాలి పక్కన తగిలింది. ఏసోబు కూలబడ్డాడు. కూలబడుతూనే చేతిలో ఉన్న తాడు లాగాడు. పాప బండి ఆగింది. పాపకి ఏమీ కాలేదు గానీ బెదిరిపోయి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమయ్యా, చిన్నపిల్లలున్నచోట చూసుకోవా? నిన్నెందుకు పెట్టారిక్కడ?" అని తండ్రి కేకలేశాడు.

ఏసోబు మోకాలు రెండు చేతులతో పట్టుకుని, "పాపకి నీళ్ళు తాగించండి సార్" అన్నాడు.

"నువ్వే నాన్నా, ఫోన్ చూస్తా గుద్దావు," అంది పాప వెక్కుతూనే.

ఆయన పాపని ఎత్తుకుని వెళ్ళిపోయాడు. పావుగంటకి ఒక సోడా సీసా తెచ్చి ఏసోబు పక్కన ఇసకలో పెట్టి, మొహం చూడకుండా తిరిగి వెళ్ళాడు.

బండ్ల యజమాని పేరు చైతన్యకృష్ణ. ఒంగోలు కుర్రాడు, ముప్పై కూడా నిండలేదు. చెడ్డవాడు కాదు. తనే స్కూటర్ మీద ఎక్కించుకుని ఎక్స్‌రే తీయించాడు. ఎముక విరగలేదు, కీలు పట్టు తప్పింది, ఇక పరిగెత్తే పని చేయొద్దన్నారు. తిరిగొచ్చేటప్పుడు దారిలో చైతన్యకృష్ణ మెల్లిగా, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. ఇంకెవర్నైనా చూసుకుంటాలే," అన్నాడు. మంచిగానే అన్నాడు. ఏసోబుకి మాత్రం చీమకుర్తిలో చివరి రోజు మేస్త్రీ అన్న మాట కూడా అచ్చం ఇలాగే ఉన్నట్టు గుర్తొచ్చింది.

ఇంట్లో హెలెన్ మోకాలు చూసింది గానీ ముట్టుకోలేదు. రోజంతా మిరపకాయల్లో నానిన చేతులు; ఎన్నిసార్లు కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట పోదు. మందు డబ్బా మూత తీసి ముందుకి జరిపింది. అతనే రాసుకున్నాడు.

"ఆదివారం వెళ్తా. కూర్చుని టోకెన్లన్నా ఇస్తా. పూర్తిగా మానేస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు," అన్నాడు.

"ఆ బండే నువ్వొకటి ఎక్కి పిల్లల పక్కన పోవచ్చుగా. పరిగెత్తేదేంది?" అంది హెలెన్.

"నేనా? పిల్లల బండి మీదా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీ. నవ్వితే కాలేం విరగదుగా."

అతను ఆ మాట పట్టించుకోలేదు.

ఆ ఆదివారం ఏసోబు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మనిషి దొరక్క చైతన్యకృష్ణే తాడు పట్టుకున్నాడు. మొదటి గంట ఉత్సాహంగా పరిగెత్తాడు. ఐదింటికి బూట్లు విప్పాడు. ఐదున్నరకి కొబ్బరిబోండం తాగి, తాగింది తాగినట్టు కక్కుకున్నాడు. వచ్చి ఏసోబు కుర్చీ పక్కన ఇసకలో చతికిలబడ్డాడు.

"ఇన్నేళ్ళు ఎట్టా పరిగెత్తావయ్యా ఇందులో?"

"పరిగెత్తకపోతే పిల్లలు పడతారుగా సార్."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

చీమకుర్తి యూనిట్లో దుమ్ము గురించి కూడా ఏసోబు ఎవరితోనూ చెప్పలేదు. అవతల వరసలో పదిమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. అప్పుడు హెలెన్ మాట నోటికొచ్చింది. సిగ్గుపడుతూనే అన్నాడు. "సార్, ఆ పాత నీలం బండి నాకిస్తే నేను పక్కన కూర్చునే వస్తా. తాడు చేతికందుతుంది. నా బరువు యాభై రెండే. ఎక్స్‌రే రోజు తూచారు."

చైతన్యకృష్ణ అతని వైపు చూశాడు. కాదనే ఓపిక ఆయనకీ లేదు.

మొదటి చుట్టులోనే జనం నవ్వారు. గడ్డం నెరిసిన మనిషి, ఒక మోకాలు పక్కకి విరుచుకుని, బొమ్మలాంటి బండి మీద. కట్టు కట్టిన కాలు ముందుకి చాపుకున్నాడు. ఒక చెయ్యి తన బండికీ, రెండోది పిల్లవాడి తాడుకీ. ఏసోబు చెవులు వేడెక్కాయి. తల ఎత్తకుండా పిల్లవాడి చక్రాలు చూసుకుంటూ పోయాడు. మూడో చుట్టుకి ఒక విషయం తెలిసింది. ఊపిరి అందుతోంది. మూడేళ్ళలో ఆ బాట మీద నోరు మూసుకుని గాలి పీల్చటం అదే మొదటిసారి. చుట్టు అయ్యాక ఆగి, అంత పెద్ద సముద్రం పక్కనే ఉందని కొత్తగా చూసినట్టు చూశాడు.

అలా అది అలవాటైంది. పక్కన ఒక పెద్దమనిషి వస్తున్నాడని పిల్లలు ధైర్యపడ్డారు. తండ్రుల్లో కొందరు అతన్ని చూసి, తాము ఎక్కితే ఎలా కనిపిస్తారో తెలుసుకున్నట్టున్నారు, ఎక్కడం తగ్గింది. పూర్తిగా పోలేదు. అరవై కేజీలవాళ్ళు ఇప్పటికీ వస్తారు. ఇప్పుడు చైతన్యకృష్ణ కాటా ఒకటి తెచ్చి పెట్టాడు. కాటా చూడగానే చాలామందికి ఫోన్ వస్తుంది.

బాధలు తీరాయని కాదు. మోకాలి నొప్పి నడుముకి మారింది. పొగంతా మొహానికే కొడుతుంది, దగ్గు మళ్ళీ మొదలైంది. చొక్కాకి పెట్రోలు వాసన, ఇంట్లో మిరపకాయల ఘాటు. రెండూ కలిసి ఉంటాయి. ఎవరో వీడియో తీసి 'బీచ్ తాత' అని పేరు పెట్టి వదిలారు. ఆ తాత అనే మాట గుచ్చుకుంది. చర్చిలో ఒకరిద్దరు చూపించి నవ్వారు. మహిమ హాస్టల్లో కూడా చూసే ఉంటారని అతనికి రెండు రోజులు అన్నం సరిగా దిగలేదు. మూడో రోజు వార్డెన్ ఫోన్ నుంచి మహిమ చేసింది.

"నాన్నా, ఆ వీడియోలో ఉంది నువ్వేనా?"

"నేనేనమ్మా. మీ ఫ్రెండ్స్ నవ్వారా?" అన్నాడు.

"నవ్వారు. కాలు నెప్పి తగ్గిందా?"

"తగ్గిందమ్మా."

"సరే. కట్టు ఇప్పకు," అని పెట్టేసింది.

దసరా సెలవులకి మహిమ ఇంటికొచ్చింది. పదో తరగతి. ఒక మధ్యాహ్నం నాన్నతో బీచ్‌కి వెళ్ళింది. జనం రావటానికి ఇంకా గంట టైముంది. ఎండ చురుక్కుమంటోంది. ఏసోబు ఒక్కొక్క బండీ స్టార్ట్ చేసి చూసుకుంటున్నాడు. మహిమ అడక్కుండానే ఒక ఎర్ర బండి మీద కూర్చుంది. ఆమె మోకాళ్ళు కూడా హ్యాండిలుకి తగులుతున్నాయి. ఎప్పుడు ఇంత పొడుగైందో అతను గమనించలేదు.

"ఒక చుట్టు పోదాం నాన్నా."

ఇద్దరూ పక్కపక్కన బయల్దేరారు. ఆమె బండి తాడు అతను పట్టుకోబోతే "వద్దు, నాకొచ్చు," అంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడ మీద పెట్టుకున్నాడు. రెండు చుట్లు తిరిగారు. మలుపు దగ్గర ఆమె వేగం తగ్గిస్తే తనూ తగ్గించాడు.

"రోజంతా ఇట్టా తిరిగిందే తిరుగుతుంటే బోర్ కొట్టదా నాన్నా?"

"కొడతదమ్మా."

"మరి?"

"కూర్చుని చేసే పని కదా," అన్నాడు ఏసోబు.

దూరంగా రోడ్డు మీద మొదటి కారు ఆగింది. తలుపులు తీసుకుని ఇద్దరు పిల్లలు, వాళ్ళ వెనక లుంగీ ఎగగట్టుకుంటూ ఒక తండ్రి దిగారు. మహిమ బండి ఆపి పక్కకి జరిగింది. ఏసోబు దిగలేదు. నడుము మీద చెయ్యేసి ఒకసారి వెనక్కి వంగి, బండి ముందుకి పోనిచ్చాడు.