నాలుగు ముక్కల అరుగు

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా మా ఇంటి అరుగు మీదే నేర్చుకున్నాను. అందుకని పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చి, మాకిచ్చిన క్వార్టరుకు అరుగు లేదని చూసినప్పుడు నా చదువు రెండోసారి ఆగిపోయినట్టయింది.

డెబ్బైల నడిమి సంగతి ఇది. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. అక్కడ మా బావ పనిచేసే కార్ఖానా వాళ్లవి, ఒకే అచ్చులో పోసినట్టు వరస క్వార్టర్లు. బావ అంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు, ఫిట్టరు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక తలుపు. తలుపు తీసి కాలు పెడితే నేరుగా రోడ్డు మీదే. శ్రీకాకుళం పక్క మా ఊళ్లో ఇంట్లోంచి వీధిలోకి వెళ్లడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టేది. దారిలో అరుగుండేది మరి.

నెల రోజులు ఓర్చుకుని అడిగాను.

"ఏటి బావా, ఈ కొంపకి లోపలుంది, బయటుంది. మద్దేదీ?"

"మద్దెన తలుపుంది కాదేటి?"

"తలుపు మీద కూకుని బియ్యం ఏరమంతావేటి?"

క్వార్టరు ముందు సొంతంగా ఒక్క ఇటుక పేర్చినా పీకించేస్తారన్నాడు. ఇటుక ఎవరడిగారన్నాను. మూడు రోజులు పోయాక, యంత్రాలు దిగిన పెట్టెల చెక్కలు సైకిలు మీద మోసుకొచ్చాడు.

ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. బయట వాన. వాన ఒక సాకు, అంతే. పెళ్లాం కోసం బల్ల కొడుతున్నాడని వరసంతా నవ్వుతుందని అసలు భయం. తలుపు మూసుకుని గదిలోనే కొలిచాడు, కోశాడు, మేకులు దిగ్గొట్టాడు. సాయంత్రానికి అరుగు తయారైంది. గదిలో సగం అదే. ఏనుగెక్కినా కదలదు. ఎటు తిప్పినా గుమ్మమూ దాటదు. నిలబెడితే పైకమ్మి అడ్డం, పడుకోబెడితే పక్క కమ్ములు అడ్డం.

"కార్ఖానాలో అంతంత మిషన్లు లారీలెక్కించీవోడివి, మనింటి గుమ్మం కొలవనేదేటి బావా?"

"నవ్వించకే, నోట్లో మేకుంది. మింగేత్తాను."

ఆ పూట గదిలోనే అరుగెక్కి అన్నాలు తిన్నాం. మర్నాడు డ్యూటీ దిగి వచ్చి దాన్ని నాలుగు ముక్కలుగా కోశాడు. ముక్కముక్కకూ కాళ్లు పెట్టి, గుమ్మం బయట బోల్టులతో కలిపాడు. బిగిస్తే అరుగు, విప్పితే నాలుగు బల్లలు. క్వార్టర్లు తనిఖీ చేసే బాబు వచ్చి ఇదేమిటని హిందీలో నిలదీస్తే, చుట్టాల కోసం మంచాలన్నాను. ఆయన అనుమానంగా కూర్చుని చూశాడు. అరగంట దాకా లేవలేదు.

పక్కనే మట్టిలో ఆనప గింజలు పెట్టాను. బియ్యం కడిగిన నీళ్లతోనే బతికింది ఆ పాదు. తాళ్లు పట్టుకుని గుమ్మం మీదకంతా పాకింది. ఎండాకాలం ఆ ఊరి వడగాలి దాని ఆకుల్లోంచి దూరి, కాస్త మర్యాద నేర్చుకుని ఇంట్లోకి వచ్చేది. చలికాలానికి తీగ ఎండిపోతే తెంపేసేదాన్ని. అప్పుడిక ఎండే చుట్టంలా వంటింటిదాకా వచ్చి కూర్చునేది.

మనుషుల్ని పిలవనే అక్కర్లేదు. మధ్యాహ్నం సైరన్ మోగేసరికి పక్కింటి బీహారీ ఆవిడ, ఎదురింటి ఒడియా ఆవిడ, మూలింటి బెంగాలీ ముసలావిడ చేటలతో, అల్లికలతో వచ్చేసేవారు. నాకు హిందీ అక్కడే వచ్చింది, తిట్లు ముందు, మాటలు తర్వాత. బీహారీ ఆవిడను దీదీ అనేదాన్ని. నేను అడ్డంగా కూర్చుంటే జడ పట్టి లాగి జరిపేది.

ఆరేళ్లు అలా గడిచాక కొత్త క్వార్టరు వచ్చింది. రెండో అంతస్తు. రెండు గదులు, ఇంట్లోనే కుళాయి. దాని కోసం బావ తిరగని ఆఫీసు లేదు. కాగితం చేతిలో పట్టుకుని నా మొహం చూశాడు.

"వద్దంటే సెప్పు. మానేద్దుం."

మా పిల్లలిద్దరూ ఆ ఒక్క గదిలో కాళ్లు ముడుచుకుని పడుకుంటున్నారు. వద్దని ఎలా అంటాను?

"ఏటి వద్దు? రెండు గదులు నాకు సేదా?"

పైన అరుగు వేయడానికి నేల ఉండదని ఇద్దరికీ తెలుసు.

బోల్టులు తుప్పు పట్టి ఊడలేదు, కిరసనాయిలు పోసి విప్పాడు. కొత్త ఇంటి బాల్కనీలో ఒక ముక్క పట్టింది. మిగిలిన మూడూ ఆ ముగ్గురి గుమ్మాల ముందుకు పోయాయి. దీదీ తన వాటా తానే ఈడ్చుకుపోతూ, రోజూ వచ్చి కూర్చోమంది.

బాల్కనీలోంచి చూస్తే జనం నడినెత్తులు మాత్రమే కనబడతాయి. పాపిడిని బట్టి పోల్చుకోవాలి. ఒకసారి "దీదీ!" అని అరిస్తే సగం వీధి తలెత్తింది. ఏమీ లేదని చెయ్యూపి లోపలికి వచ్చేశాను. నిజంగానే ఏమీ లేదు. కూరలో ఉప్పెక్కువైందనో, మోకాలు లాగుతోందనో చెప్పాలి. అలాంటివి కేకేసి చెప్పేవి కావు, పక్కన ఒక భుజం ఉంటేనే నోట్లోంచి వస్తాయి. డబ్బాలో ఆనప గింజ పెట్టాను. నాలుగాకులు వేసి, పాకడానికి ఎటూ తోచక ఆగిపోయింది.

రేపెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూనే నెలలు దొర్లాయి. చివరికి ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం పోసుకుని పాత వరసకు నడిచాను. దీదీ గుమ్మం ముందు నా బల్ల మీద ఒడియా ఆవిడ, బెంగాలీ ముసలావిడ కూర్చున్నారు. వాళ్ల మధ్య, మా పాత క్వార్టరులో దిగిన కొత్త కోడలు. నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు. అక్కడే నా కొంప మునిగింది.

"అరే, అందర్ ఆవో!" అని దీదీ నా చేట అందుకుని, చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది. కొంగుతో కుర్చీ తుడిచింది.

"బయటే కూర్చుంటాను దీదీ," అన్నాను హిందీలో.

"అదేం మాట! రెండు గదుల ఇంటిదానివి. చెక్క మీద కూర్చోబెడితే మీ ఆయనేమంటాడు?"

"ఆ చెక్క కొట్టిందే ఆయన."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. అంచు విరగని కప్పు కోసం గిన్నెలన్నీ కదుపుతున్న చప్పుడు వినిపించింది.

కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. గుమ్మంలోంచి మూడు వీపులు కనిపిస్తున్నాయి. కొత్త కోడలు ఏదో అంది. మిగతా ఇద్దరూ ఒకరి మీదొకరు పడి నవ్వారు. ఏమందో నాకు వినబడలేదు. లేచి వెళ్లి అడుగుదామని కుర్చీ చేతుల మీద బలం పెట్టేలోగా దీదీ టీ తెచ్చింది. పక్కన పళ్లెంలో బిస్కెట్లు కూడా పెట్టింది. ఆరేళ్లలో ఆవిడ నాకు ఏనాడూ బిస్కెట్లు పెట్టలేదు.