ఎడమ కాలి చెప్పు, ఐరిష్ కోచ్ నోట్‌బుక్

2014 ఫిబ్రవరి పన్నెండో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగుంబావు. దుబాయ్‌లో ఒక రగ్బీ గ్రౌండ్‌లో గోల్ పోస్టు నా తలకు తగిలింది. గంటతో సహా ఎలా గుర్తుందని మీరు అడగవచ్చు. నాకు గుర్తులేదు. ఒక మనిషి రాసిపెట్టాడు. ఆ మనిషినే నేను నెల రోజులు అనుమానించాను.

నా పేరు పోశెట్టి. మాది జగిత్యాల దగ్గర పల్లె. 2009లో దుబాయ్ వచ్చాను. గ్రౌండ్‌లో గడ్డి కోయడం, నీళ్లు పెట్టడం, మ్యాచ్‌కు ముందు బండి తోసుకుంటూ తెల్ల గీతలు వేయడం నా పని. రగ్బీ అంటే కోలబంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తేవాణ్ని మిగతావాళ్లు మీద పడి కింద పడేసే ఆట. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. కాగితం మీద వేలిముద్ర వేయడమే వచ్చు.

అక్కడి కోచ్ పేరు ఫింటన్. ఐర్లాండ్ దేశం తరఫున పదకొండు మ్యాచ్‌లు ఆడాడని చెప్పుకునేవారు. ఆకుపచ్చ జెర్సీలో ఆయన ఫోటో ఆఫీసు గోడ మీద ఉండేది. దేశానికి ఆడినవాడు ముప్పై ఏళ్లకే ఆట మానేసి, ఈ ఎండలో కుర్రాళ్లకు బంతి విసరడం నేర్పుతూ ఉండడం ఏమిటి? అక్కడ ఏదో తప్పు చేసి వచ్చి ఉంటాడని నేను ఖాయం చేసుకున్నాను. పైగా ఆయన జేబులో ఎప్పుడూ ఒక నల్ల నోట్‌బుక్ ఉండేది. ఎవరు కింద పడినా తీసి ఏదో రాసేవాడు.

ఆ రోజు రంగు వేయడానికి పోస్టును కిందికి దించుతున్నాం. ఒక తాడు మా గదిలోనే ఉండే రాజన్న పట్టుకున్నాడు, రెండోది అదే గదిలో ఉండే పెషావర్ మనిషి రఫీక్. రఫీక్ చేతిలో తాడు జారింది. పోస్టు నా కుడి కణత పైన తగిలింది. నెత్తురు రాలేదు. కూర్చుండిపోయి, మళ్లీ లేవబోయాను.

కోచ్ పరుగెత్తుకొచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆటగాళ్ల తలకు దెబ్బ తగిలితే ఆయన ఐదు ప్రశ్నలు అడుగుతాడు. ఇది ఏ గ్రౌండ్? ఇప్పుడు ఏ హాఫ్? ఆఖరున స్కోర్ చేసింది ఎవరు? పోయిన వారం ఎవరితో ఆడారు? గెలిచారా? తడబడినవాణ్ని బయట కూర్చోబెడతాడు. ఐదేళ్లుగా నీళ్ల సీసాలు పట్టుకుని గీత పక్కన నిలబడ్డవాణ్ని నేను. ఆ ఐదూ, వాటి జవాబులూ నాకు నోటికి వచ్చు. తడబడితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆటగాడైతే బయట కూర్చుంటాడు. లేబరైతే 'అన్‌ఫిట్' అని రాసి, వీసా క్యాన్సిల్ చేసి, విమానం ఎక్కిస్తారు.

అందుకని ఆయన అడిగీ అడగకముందే అన్నీ అప్పజెప్పాను. "దుబాయ్ గ్రౌండ్ సార్. సెకండ్ హాఫ్ సార్. టెన్ నంబర్ స్కోర్ సార్. లాస్ట్ వీక్ అబుదాబి సార్. విన్ సార్."

ఆ రోజు మ్యాచ్ లేదు. బంతి తన్నడం ప్రాక్టీస్ చేస్తున్న ఇద్దరు ఆటగాళ్లు పడిపడి నవ్వారు. కోచ్ నవ్వలేదు. నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

గ్రౌండ్ ఫిజియో మారియా నన్ను క్లినిక్‌కు తీసుకెళ్లింది. డాక్టరు కళ్లలో టార్చి వేసి చూసి, "మైల్డ్ కంకషన్, మెదడు కొంచెం అదిరింది. వన్ వీక్ రెస్ట్. తలనొప్పి పెరిగితే వెంటనే రావాలి" అన్నాడు. మూడో రోజుకే పనిలోకి దిగాను. తలనొప్పి పెరిగింది. ఎవరికీ చెప్పలేదు. మా గది షార్జా రోలాలో. కింద ఉన్న కిరాణా కొట్టులో ఆస్పిరిన్ కొనుక్కుని పూటకొకటి మింగాను.

రెండు వారాలకు ఇంకొకటి మొదలైంది. నా ఎడమ కాలి చెప్పు మాయమయ్యేది. గదిలోంచి వ్యాను దాకా నడిచేసరికి కాలికి ఉండదు. వెనక్కి పోయి చూస్తే మెట్ల మీదో, నడవాలోనో పడి ఉండేది. ఎవడో నా వెంట పడి తీస్తున్నాడని అనుకున్నాను. రఫీక్ మీద పడ్డాను.

"చాచా, నీ పాత చెప్పు నాకెందుకు? అదీ ఒకటే" అన్నాడతను హిందీలో.

"తాడు ఎందుకు ఇడిసినవో, చెప్పు గూడ గందుకే" అన్నాను నేను.

రాజన్న మధ్యలో వచ్చాడు. "అన్నా, పొద్దుగాల నీ ఎన్కనే దిగిన. ఎవడు తియ్యలే. అదే ఊడింది, నువ్వు ఉత్త కాలుతోనే పోతున్నవ్. కాలుకు రాళ్లు గుచ్చుతలేవానే?"

"నువ్వు గూడ వాళ్లల్ల కలిసినవా?" అన్నాను. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

మార్చి మొదటి వారంలో, శుక్రవారం మ్యాచ్ కోసం గురువారం గీతలు వేస్తున్నాను. తాడు కట్టుకుని, దాని వెంటే బండి తోయాలి. తోశాననే అనుకున్నాను. చివరికి వెళ్లి వెనక్కి చూస్తే గీత ఎడమకు వంగిపోయి ఉంది. బండి చక్రం ఎవడో వంచాడని గొణుక్కుంటున్నాను. కోచ్ వచ్చి బండిని తాను తోసి చూశాడు. తిన్నగా పోయింది. నా వైపు చూసి, రెండు చేతులూ ముందుకు చాచి కళ్లు మూసుకోమన్నాడు. కళ్లు తెరిచేసరికి నా ఎడమ చేయి తొడ దగ్గర ఉంది. నేను దించలేదు.

నన్ను తన కారు ఎక్కించాడు. రాజన్నను కూడా రమ్మన్నాడు. కొంత దూరం పోయాక పై బోర్డు మీద విమానం బొమ్మ కనిపించింది. అక్షరాలు రాకపోయినా ఆ బొమ్మ అందరికీ తెలుసు. మాలో ఒకతన్ని ఇలాగే డ్యూటీ నుంచి నేరుగా ఎక్కించుకుపోయి, సామాను కూడా తీసుకోనివ్వకుండా పంపేశారు. సిగ్నల్ దగ్గర తలుపు తెరిచి దిగబోయాను. రాజన్న నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏడికి పోతవే? ఎన్క లారీ ఉన్నది."

"నన్ను ఎయిర్‌పోర్టుకు తీస్కపోతున్నడు. నీకు గూడ ఎరికే."

రాజన్న ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పాడు. ట్రాఫిక్ కదలడం లేదు. కోచ్ మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టాడు. రాజన్న ముక్కముక్కగా తెలుగులో చెప్పాడు.

కోచ్ వాళ్లది పాడి పశువులున్న ఇల్లు. పొద్దున పాలు పిండి బడికి పోయేవాడట. పందొమ్మిదేళ్లకు పెద్ద క్లబ్బు, ఇరవై నాలుగుకు దేశం జట్టు. తలకు దెబ్బలు చాలాసార్లు తగిలాయి. ప్రతి ఏడాది సీజన్ మొదట్లో ఆటగాళ్లకు కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. దెబ్బ తగిలాక మళ్లీ పెట్టి, మొదటి దానితో పోల్చి చూస్తారు. ఈయన మొదటి పరీక్షలోనే కావాలని తప్పులు చేసేవాడు. అలా చేస్తే దెబ్బ తగిలాక చేసిన తప్పులు తేడాగా కనిపించవు.

"దేశం మీద అంత ప్రేమనా?" అని అడగమన్నాను.

రాజన్న అడిగాడు. కోచ్ అద్దంలో నన్ను చూసి చెప్పిన జవాబును రాజన్న తెలుగులో చెప్పాడు. "నేను కూర్చుంటే నా జాగలో నిలబడనీకి ఇంకొకడు తయారుగ ఉన్నడు, గందుకే అంటున్నడన్నా."

"గిది ఆయన చెప్పిందేనా, నువ్వు కలిపినవా?"

"నాకు గింత తెలివి ఏడిదే?" అన్నాడు రాజన్న.

తన ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్‌లో కోచ్ ట్రై కొట్టాడు, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించాడు. ఫోన్‌లో ఆ వీడియో చూపించాడు. ఆకుపచ్చ జెర్సీలో లేచి చేతులెత్తి నవ్వుతున్నాడు. ఆ రోజు ఉదయం నుంచి రాత్రి దాకా ఆయనకు ఏదీ గుర్తులేదు. వాళ్ల అమ్మ చెబితే తెలిసిందట. ఆ తర్వాత డాక్టర్లు ఇక ఆడవద్దన్నారు. గ్రౌండ్‌లో నేను జవాబులు గబగబా అప్పజెప్పినప్పుడే, నేనూ తనలాంటి దొంగనే అని పోల్చుకున్నానన్నాడు. ఆ మాట నమ్మాను. మంచి మాటలు చెప్పి ఉంటే నమ్మేవాణ్ని కాదు.

ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు. ఈజిప్టు డాక్టరు తెర మీద చూపించాడు. "క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా" అన్నాడు. గుంటూరు నర్సు సునీత వివరించింది. "దెబ్బ తగిలినప్పుడు సన్నటి రక్తనాళం తెగింది బాబాయ్ గారూ. మూడు వారాలుగా మెదడు మీద రక్తం కొంచెం కొంచెంగా చేరి, కుడివైపు నొక్కుతోంది. అందుకే ఎడమ కాలు, ఎడమ చెయ్యి మాట వినట్లేదు. మీరు వేసుకున్న ఆస్పిరిన్ రక్తాన్ని ఇంకా పల్చన చేసింది."

అప్పుడు చెప్పు సంగతి అర్థమైంది. ఊడినా కాలికి తెలియలేదు.

"బర్ హోల్ చేయాలి. ఇవాళే" అన్నాడు డాక్టరు. పుర్రెకు రంధ్రం పెట్టి రక్తం తీసేస్తారు. కన్సెంట్ ఫారమ్ తెచ్చారు. సునీతతో రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి మధ్యలో ఆపి, మొదటిసారి చెప్పినట్లే చెబుతోందా అని చూశాను.

"పరీక్ష పెడుతున్నారా బాబాయ్ గారూ?" అంది.

"అవును" అని వేలిముద్ర వేశాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు, తలకు డ్రెయిన్ గొట్టం ఉండగానే, కంపెనీ మందూబ్ వచ్చాడు. ఆఫీసు కాగితాల పనులు చూసే మనిషి. పళ్లు తెచ్చాడు. "చాచా, ఇక్కడ వేలు పెట్టు, ఇన్సూరెన్స్ కోసం. ఖలాస్" అన్నాడు. వేలు దుప్పటి కింద దాచుకుని సునీతను పిలిచాను. ఆమె చదివి మొహం మార్చుకుంది. నేను గదిలో బాత్రూంలో జారి పడ్డానని, సొంత ఇష్టంతో పని మానేసి ఊరికి పోతున్నానని అందులో ఉంది.

నా అనుమానాల్లో చాలావరకు తప్పని తేలాయి. ఇది మాత్రం తప్పు కాదు.

మందూబ్ నవ్వి, "డ్యూటీలో తగిలిందనడానికి ఏం ఉంది? పోలీసు రిపోర్టు ఉందా?" అన్నాడు. సాయంత్రం కోచ్ వచ్చి ఆ నల్ల నోట్‌బుక్ తెరిచాడు. తేదీ, నాలుగుంబావు, పోస్టు, కుడి కణత, నేను చెప్పిన జవాబులు ఐదూ, అక్కడున్న ప్రతి ఒక్కరి పేరు. తన తలకు తగిలిన దెబ్బలను ఎవరూ రాయలేదని, అందుకే అవెన్నో తనకే తెలియదని, అందరివీ తాను రాస్తానని చెప్పాడు. ఆ పేజీ నకలు ఆఫీసుకు పోయింది. రఫీక్ వెళ్లి, "తాడు నా చేతిలోంచే జారింది" అని సంతకం పెట్టాడు. తన ఉద్యోగానికి ముప్పని తెలిసీ పెట్టాడు. మందూబ్ మళ్లీ రాలేదు.

ఎనిమిదో రోజు డిశ్చార్జి. పన్నెండో రోజు గదిలో ఫిట్స్ వచ్చాయి. నాకు తెలియదు, లేచేసరికి అంబులెన్స్‌లో ఉన్నాను. పళ్లు కరుచుకోకుండా ఎవడో నోట్లో చెంచా పెట్టబోతే రఫీక్ లాగేశాడట, పక్కకు తిప్పి పడుకోబెట్టాడట. మళ్లీ స్కాన్ తీశారు. రక్తం కొత్తగా చేరలేదు. "ఫిట్స్ గోలీ మానకూడదు. నిచ్చెన ఎక్కకూడదు" అన్నాడు డాక్టరు. నాలుగు నెలలకు చెయ్యి మునుపటిలా అయింది. ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాను.

ఆ నాలుగు నెలల్లోనే అక్షరాలు నేర్చుకున్నాను. ఇంకో కాగితం వస్తే చదవడానికి సునీత ఉండదు కదా. రాజన్న పాత నీలం పెన్ను ఇచ్చి దిద్దించాడు. "గీతలు సక్కగ గీసినోడివి, సున్నాలు గిట్ల వంకరేందే?" అని ఎగతాళి చేసేవాడు.

ఇప్పుడు 2019. అదే గ్రౌండ్‌లో స్టోర్ చూసుకుంటున్నాను. పొద్దున గోలీ వేసుకున్నాక చెప్పులు రెండూ ఉన్నాయా అని చూసుకుంటాను. ఫింటన్ రెండేళ్ల కింద ఐర్లాండ్ వెళ్లిపోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. పోయిన నెల ఒకే కబురు రెండుసార్లు చెప్పాడు. నేను ఆపలేదు. ఇక్కణ్నుంచి వెళ్లేటప్పుడు నోట్‌బుక్ నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు ఎవరు కింద పడినా నేను రాస్తున్నాను, తెలుగులో.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తలకు దెబ్బ తగిలితే, నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే తేదీ, గంట, అక్కడున్నవాళ్ల పేర్లు రాయించి పెట్టుకోండి. నెల తర్వాత మీకు అవసరం పడవచ్చు, డాక్టరుకూ పడవచ్చు.

నా పేజీలో ఉన్న పేర్లు ఇవి. మొదటి తాడు దగ్గర రాజన్న. రెండో తాడు దగ్గర రఫీక్. నవ్విన ఆటగాళ్లు ఆలెన్, డేవిడ్. ఫిజియో మారియా. రాసిన మనిషి ఫింటన్. దెబ్బ తిన్నది పోశెట్టి.