ఒక్క పట్టీ కూడా తిరిగిరాని గురువారం

1985 చలికాలం. అప్పటికి నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక తెలుగు దినపత్రికకు సర్క్యులేషన్ ఇన్‌స్పెక్టర్ని. ఏ ఊరికి ఎన్ని కాపీలు వెళ్లాయి, ఎన్ని మిగిలాయి అని చూడటం నా పని. పెద్ద చదువేమీ లేదు. మిర్చి యార్డులో కాటాల పక్కన కూర్చుని సొంతంగా పట్టుకున్న లెక్కలే నాకు ఆ ఉద్యోగం తెచ్చిపెట్టాయి.

అమ్ముడుపోని కాపీలను మేం రిటర్న్స్ అంటాం. మొత్తం పత్రికను వెనక్కి పంపడం దండగ కనుక, ఏజెంటు పైన పత్రిక పేరున్న పట్టీని మాత్రం కత్తిరించి, కట్టగట్టి బస్సులో పంపిస్తాడు. మిగిలిన కాగితం బజ్జీల బండికి పోతుంది. ఏ ఊరి నుంచైనా రోజూ కొన్ని పట్టీలు రావాల్సిందే. అసలు రాని రోజులు ఏవో నాకు నోటికి వచ్చు: పరీక్షల ఫలితాలు, ఎన్నికల ఫలితాలు, పెద్ద నాయకుడెవరైనా పోయిన మర్నాడు.

ఆ శనివారం పొద్దున కట్టలు విప్పుతుంటే పొదిలి నుంచి గురువారం తాలూకు పట్టీ ఒక్కటి కూడా లేదు. అన్నీ అమ్ముడుపోయాయట. గురువారం ఫలితాలేమీ రాలేదు, ఎవరూ పోలేదు. పక్కనున్న కనిగిరి నుంచి ఎప్పటిలాగే పట్టీలు వచ్చాయి. ఒక ఊరికి మాత్రమే వచ్చిన ఆకలి నాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చోలేకపోయాను. రెండుసార్లు టీకి వెళ్లి తాగకుండానే తిరిగొచ్చాను.

మా మేనేజరు నవ్వాడు. "సంతోషించాల్సింది పోయి ఆ మొహమేందయ్యా? వెళ్లి పొదిలి ప్రింట్ ఆర్డరు పెంచిరా" అన్నాడు. ప్రింట్ ఆర్డరు అంటే ఆ ఊరికి రోజూ పంపాల్సిన కాపీల సంఖ్య. నేను గురువారం నాటి ఆఫీసు కాపీ ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆఫీసు కాపీ అమ్మడానికి కాదు, మా దగ్గర ఉంచుకోవడానికి.

బస్సులో ఆ పత్రికను మొదటి నుంచి చివరిదాకా చదివాను. జిల్లా పేజీలో కింద ఒక వార్త కనబడింది. మిరపకు, పత్తికి కొట్టే పేరున్న పురుగుమందు డబ్బాల్లో నకిలీ సరుకు నింపి పొదిలి ప్రాంతంలోని ఒక దుకాణంలో అమ్ముతున్నారని, అధికారులు నమూనాలు పట్టుకెళ్లారని రాశారు. అసలు మందు నీళ్లలో పడగానే పాలలా తెల్లబడుతుందట. నకిలీది నూనెలా పైకి తేలుతుందట. దుకాణం పేరు లేదు. ఆ పేరు ఎందుకు లేదో నాకు తెలుసు. మా పత్రికలో వారం వారం వచ్చే ప్రకటనల్లో పొదిలి పురుగుమందుల కొట్టుది ఒకటి.

మా ఏజెంటు యేసురత్నం మాస్టారు మిషన్ బడిలో పనిచేసి రిటైరైన మనిషి. వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని మర్నాటి కట్టలకు పురికొస పేనుతున్నాడు. గురువారం సంగతి అడిగితే తల ఎత్తకుండానే చెప్పాడు.

ఆ రోజు కట్టలు బస్సు దిగేసరికే పురుగుమందుల కొట్టాయన మనిషి స్టాండులో కాచుకుని ఉన్నాడట. అమ్మకం కాపీల కట్ట విప్పనివ్వకుండా మొత్తం కొన్నాడు. మాస్టారు తన కోసం ఉంచుకునే కాపీని కూడా అడిగి తీసుకున్నాడు. చందాదారులకు మాత్రం ఎప్పటిలాగే వెళ్లాయి. ఆ చందాదారులు బ్యాంకు, తాలూకా ఆఫీసు, డాక్టరు గారు. మిరప చేను ఉన్నవాళ్లెవరూ కారు. పేపరు కోసం టీ కొట్టుకూ మంగలి షాపుకూ వచ్చేవాళ్లకు ఆ రోజు పేపరు లేదు.

"అమ్మేవాణ్ణి, అడిగాడు, అమ్మాను. తప్పేముంది?" అన్నాడు మాస్టారు. పురికొస పక్కన పెట్టి, "మూడు రోజుల నుంచి అన్నం సయించట్లేదయ్యా. అందులో ఏముందో తెలియదు. మర్నాడు బ్యాంకులో అడిగితే అటెండరు పొట్లాలకు పట్టుకెళ్లాడన్నారు" అన్నాడు.

సంచిలోంచి కాపీ తీసి ఆ వార్త చూపించాను. రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు. వాళ్ల పేటలో కోటమ్మ అనే మనిషి ఎకరన్నర మిరప కౌలుకు వేసింది. ఆకు ముడత పడుతోంది. సోమవారం పొద్దున వెళ్లి ఆ మందే తెచ్చుకుంటానని ఇవాళే మాస్టారికి చెప్పి వెళ్లిందట. పూత మీదున్న చేను. ఇప్పుడు పనిచేయని మందు కొడితే ఇంకోసారి కొట్టడానికి అదును ఉండదు. కోటమ్మ లాంటివాళ్లు ఆ పేటలో ఇంకా చాలామంది ఉన్నారు.

మాస్టారు లేచి అరుగు మీద అటూ ఇటూ తిరిగాడు. కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. అలా తిరుగుతూనే తన చిన్ననాటి సంగతి చెప్పాడు.

తెల్లవాళ్ల యుద్ధం, అదే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మద్రాసు పత్రికలు రైల్లో దొనకొండకు వచ్చేవట. కట్టలను స్టేషన్లోనే పోలీసులు ఆపేవాళ్లు. ఎలాగో ఒకటో రెండో బయటపడేవి. మాస్టారి తండ్రి క్రైస్తవుల గుడిలో ఉపదేశి, అంటే ప్రార్థన నడిపించే మనిషి. ఆదివారం ప్రార్థన అయ్యాక పెళ్లి ప్రకటనలు, కానుకల ప్రకటనలు చదివే వేళ, చివర్లో పత్రిక కూడా చదివేవాడు. దొరల మతంలో కలిసి దొరల మీద రాసిన పేపరు చదువుతారేందిరా అని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లట. సర్కారు సెన్సారు కొట్టేసిన చోట పత్రికలో అచ్చు లేకుండా తెల్లజాగా ఉండేది. చదువుతూ చదువుతూ అక్కడికి రాగానే ఆయన నోరు మూసుకుని, ఆ జాగా ఎంతుంటే అంతసేపు నిలబడేవాడు. ఏదో పెద్దదే జరిగిందని జనానికి తెలిసిపోయేది.

"గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ కూర్చునేవాడు. ఉపదేశి ఏమీ చదవలేదు అని రిపోర్టు ఎట్లా రాయాలో తెలియక మా నాన్నను తిట్టుకునేవాడు" అన్నాడు మాస్టారు. ఆ సాయంత్రం ఆయన మొహంలో నవ్వు చూసింది అప్పుడొక్కసారే. "ఆ తర్వాత తెల్లజాగా కూడా వదలొద్దని సర్కారు పత్రికలకు చెప్పింది. దాంతో ఎక్కడ ఆగాలో మా నాన్నకు తెలిసేది కాదు."

ఆఫీసు కాపీ బయటివాళ్లకు ఇవ్వకూడదన్నది మా రూలు. ప్రకటన పోతే మేనేజరు ఊరుకోడు. ఇద్దరికీ తెలుసు. అయినా సంచి మూతి కట్టేటప్పుడు ఆ కాపీని అరుగు మీదే వదిలాను. ఆయన దాని మీద కళ్లజోడు పెట్టాడు.

రాత్రి బస్సుకు వెళ్లాల్సినవాణ్ణి వెళ్లలేదు. మర్నాడు ఆదివారం, గుడిలో వెనక, చెప్పులు విడిచిన చోట నిలబడ్డాను. ప్రకటనల వేళ మాస్టారు లేచి పత్రిక విప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. బడిలో పాఠం చెప్పినట్టే చదివాడు. పాలలా తెల్లబడటం గురించి చదివినప్పుడు మగవాళ్ల వైపు కదలిక పుట్టింది.

"పొదిలి ప్రాంతంలోని ఒక దుకాణంలో" అని చదివి ఆగాడు.

అలాగే నిలబడ్డాడు. దేన్నైనా లెక్కపెట్టే అలవాటున్న నేను ఆ మౌనాన్ని లెక్కపెట్టలేదు. ఎవరి బిడ్డో ఏడిచింది. కోటమ్మ ముందుకు వంగి, "ఏ కొట్టు మాస్టారూ?" అంది.

"పేపర్లో లేదమ్మా."

ముందు వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె తల తిప్పింది. "మళ్లీ తెల్లజాగా వచ్చిందా రత్నం?"

మాస్టారు తరువాతి వాక్యం చదివాడు. ముసలామె కోటమ్మ వైపు తిరిగి, "ఊరికే పేరు లేకపోతే రత్నం ఆగడమ్మా, ఎవరో దాచిన చోటే ఆగుతాడు. వాళ్ల నాన్నా అంతే" అంది.

సోమవారం జరిగింది తర్వాత మాస్టారు చెబితే విన్నాను. కోటమ్మ ఒక పాత రేకుడబ్బాలో నీళ్లు పట్టుకుని కొట్టుకు వెళ్లింది. వెనక ఇంకో పది పన్నెండు మంది, అందరి చేతుల్లోనూ డబ్బాలే. "ఏందమ్మా, నా కొట్టు ముందు ఈ నీళ్ల పందిరి?" అని కొట్టాయన నవ్వబోయాడట. "ఒక్క చుక్క ఇందులో వెయ్యి నాయనా. తెల్లబడితే కొనుక్కుంటా" అంది కోటమ్మ. ఆయన చుక్క వేయలేదు. ఆవిడ కనిగిరి పోయి మందు తెచ్చుకుంది. ఆ ఏడు చేను కొంత దెబ్బతిన్నా, చాలావరకు చేతికొచ్చింది.

కొట్టాయన ప్రకటన మానేశాడు. రెండు నెలల్లో పొదిలి ఏజెన్సీ మాస్టారి చేతిలోంచి పోయి వేరే ఆయనకు వెళ్లింది. నేను వాదించాను, కుదరలేదు. నన్ను కొంతకాలం రేపల్లె లైనుకు వేశారు. మాస్టారికి ఏజెన్సీ పోయిన సంగతి చెప్పడానికి వెళ్తే, "మంచిదేలేవయ్యా, ఇక నుంచి పేపరు కొనుక్కుని చదువుతా. అమ్మేవాడికి చదివే తీరికేదీ?" అన్నాడు. ఆదివారాలు ప్రకటనల వేళ చదవడం మాత్రం మానలేదు.

అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా ఏజెంటును కాపీల సంగతి అడిగాక, ఈ ఊళ్లో పేపరు ఎవరు చదివి వినిపిస్తారు అని కూడా అడుగుతున్నాను. కాపీల లెక్క రాసే మా స్టేట్‌మెంట్లో దానికి గడి లేదు. స్టేట్‌మెంట్ చూసినవాళ్లకు ఆ గురువారం పొదిలిలో అన్ని కాపీలూ అమ్ముడుపోయినట్టు కనబడుతుంది. మిరప చేలవాళ్ల దాకా చేరింది ఒక్కటే. అది అమ్మిన కాపీ కాదు.