ముప్పై ఒక్క మీటర్ల ఎర్ర రంగు

ఒకే ఒక్క ఎర్ర రంగుతో గిద్దలూరులో నిక్షేపంగా నడుస్తున్న బట్టల దుకాణం షట్టర్ సగం దింపించి, బావా బామ్మర్దుల్ని జుట్లు పట్టుకునేదాకా తెచ్చి, ఒక ఇంట్లో పొయ్యి ఆర్పించిన ఘనురాలిని నేను. ఏ దురుద్దేశమూ లేదు. కంప్యూటర్ తెర కాస్త అందంగా ఉండాలనుకున్నాను, అంతే. ఈ లోకంలో సగం అనర్థాలు అందం కోసం తాపత్రయపడే నాలాంటివాళ్ల వల్లే జరుగుతాయని నా గట్టి నమ్మకం.

అప్పుడు మార్కాపురంలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ మాది. అది ఎక్కడైనా మొరాయిస్తే కారణం వెతికిపెట్టే డీబగ్గింగ్ టూల్ ఒకటి ఉండేది. భయపడకండి, పెద్ద సంగతేమీ కాదు. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఒక మాట టైపు చేస్తే దుకాణంలోని సరుకుల పేర్లన్నీ తెల్లటి అక్షరాలతో జలజలా రాలిపడతాయి. తేడా ఉన్న సరుకు పక్కన ఎర్రర్ అని ఉంటుంది. ఆ గుంపులో దాన్ని పట్టుకోవడమంటే మిరపకాయల బస్తాలో జారిపోయిన ముక్కుపుడకను వెతకడమే. చేతులకు బదులు కళ్లు మండుతాయి.

తప్పున్న వరుసను ఎర్రగా చూపిస్తే? మా ఆఫీసు పెద్ద యూసుఫ్ సార్‌కు చెప్పాను.

"బాగనే పనిచేస్తాంది గదమ్మా, దాన్నెందుకు కెలుకుతావు?"

"కళ్లు పోతాండాయి సార్."

"అద్దాలు పెట్టుకో."

ఎవరైనా వద్దంటే తప్ప నాకు ఉత్సాహం పుట్టని వయసది. వెంటనే మొదలుపెట్టాను.

పని చిన్నదే. తప్పు వరుసకు ముందు 'ఇక్కణ్నుంచి ఎరుపు' అని కంప్యూటర్‌కు చెప్పే గుర్తు ఒకటి, చివర 'ఇక మామూలు రంగు' అని చెప్పే గుర్తు ఒకటి పెట్టాలి. మొదటిదాంట్లో 31m అని ఉంటుంది, రెండోదాంట్లో 0m అని. అవి కంప్యూటర్ తనలో తాను చదువుకునేవి, మనకు కనబడవు. నా కొత్త ల్యాప్‌టాప్‌లో కనబడలేదు కూడా. ఎర్రర్ వరుస పెళ్లికూతురి నుదుటి మీద కుంకుమలా మెరిసిపోయింది. నేనూ మురిసిపోయి, ఆ సాయంత్రమే దాన్ని అన్ని దుకాణాలకూ పంపించేశాను. పాత కంప్యూటర్లకు ఆ గుర్తులు చదవడం రాదనీ, అర్థం కానిదాన్ని అట్లాగే తెర మీద కక్కేస్తాయనీ నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు పొద్దున గిద్దలూరు నుంచి సుబ్బారావు బాబాయ్ ఫోన్ చేశారు. చుట్టమేమీ కాదు. మా సాఫ్ట్‌వేర్ వాడే బట్టల దుకాణం ఆయనది, పిలుపు వరకే చుట్టరికం.

"పద్మా, కర్టెన్ గుడ్డ ముప్పై ఒక్క మీటర్లు ఏమైనట్టు?"

"నాకేం తెలుసు బాబాయ్?"

"బిల్లు రాలేదని నువ్వు నేర్పిన ఆ నల్ల కిటికీ తెరిచినా. అదే చెప్తాంది. ముందర ముప్పై ఒకటి ఎమ్, మధ్యలో కర్టెన్ క్లాత్ ఎర్రర్, చివర సున్నా ఎమ్. ముప్పై ఒక్క మీటర్లు ఉండాల్సింది, సున్నా అయింది. అంతే గదా?"



"అయ్యో, అది మీటర్లు కాదు బాబాయ్, రంగు!"

"రంగేంది? తెల్లగనే ఉండాది."

"తెల్లగనే ఉంటది. కానీ అది ఎర్రగా ఉండాల."

"ఏందమ్మా నువ్వు మాట్లాడేది? దొంగను దాస్తాండావా? కొట్లో ఉండేది నేనూ, నా బామ్మర్దీ. నేనైతే తీయలేదు."

ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. యూసుఫ్ సార్ నా వైపు చూసి, "పో. నువ్వు పూసిన రంగు నువ్వే కడుక్కొని రా" అన్నారు. కంభం మీదుగా వెళ్లే బస్సెక్కాను. దారి పొడవునా డ్రైవర్ కంటే నేనే ఎక్కువ బ్రేకులు తొక్కాను.

దుకాణం షట్టర్ సగం దిగి ఉంది. వంగి లోపలికి దూరితే, తానులన్నీ నేల మీద పొర్లుతున్నాయి. బాబాయ్ మీటరు కడ్డీని కత్తిలా పట్టుకున్నారు. ఎదురుగా ఆయన బామ్మర్ది రమేష్ ఎర్రబడ్డ మొహంతో ఉన్నాడు. నా రంగు చివరికి పనిచేసింది అక్కడొక్కచోటే. దుకాణం వెనకే ఉన్న వాళ్లింటి గుమ్మం దగ్గర రమేష్ వాళ్లక్క, అంటే బాబాయ్ భార్య, వరలక్ష్మి పిన్ని నిలబడి ఉంది.

"నా తమ్ముణ్ని దొంగన్నాక ఈ ఇంట్లో పొయ్యి వెలగదు!" అంటోంది పిన్ని.

"బాబాయ్, ఒక్క నిమిషం. ఆ ఎమ్ అంటే..." అన్నాను.

"నువ్వాగమ్మా! ముందు ఈడు చెప్పనీ. ముప్పై ఒక్క మీటర్లు ఎక్కడరా?"

"అది మీటర్లు కాదు..."

"నువ్వుండు పద్మా," అంది పిన్ని కూడా. ఎవరి పక్షాన మాట్లాడుతున్నానో ఎవరికీ పట్టలేదు.

ఇక రమేష్ తట్టుకోలేకపోయాడు.

"ముప్పై ఒకటా? అంత అన్యాయం నేను చేయలేదు బావా! నేను తీసకపోయింది ఆరు మీటర్లే! మా ఇంటి కిటికీలకు! అది కూడా అక్కే కత్తిరించి ఇచ్చింది!"

బాబాయ్ కడ్డీ పట్టుకునే పిన్ని వైపు తిరిగారు.

"అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా," అంటూ, ఆ ఇంట్లో పొయ్యి వెలగదని శపథం చేసిన పిన్ని లోపలికి పరుగెత్తింది.

బాబాయ్ ఊపిరి పీల్చుకుని నా వైపు చూశారు. "ఇప్పుడు చెప్పమ్మా. ఎమ్ అంటే ఏంది?"

చెప్పాను. 31m అంటే ఎరుపు, 0m అంటే మామూలు రంగు. అసలు తప్పు కర్టెన్ క్లాత్ అనే పేరులో ఎవరో అదనంగా కొట్టిన కామా. దాన్ని తీసేయగానే బిల్లు బయటికొచ్చింది. ఏ మీటరూ ఎక్కడికీ పోలేదు, ఆ ఆరు తప్ప.

రమేష్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "పద్మా, ఈ ముక్క కొంచెం ముందు చెప్పుంటే నేనెందుకు ఒప్పుకుంటాను?"

"చెప్తానే ఉన్నా గదన్నా!" దాదాపు ఏడ్చేశాను.

రంగు తీసేసి ఇస్తానని కంప్యూటర్ ముందు కూర్చోబోతే బాబాయ్ చెయ్యి అడ్డుపెట్టారు.

"తీయొద్దమ్మా. పామూరులో మా తమ్ముడి దుకాణంలో కూడా ఇదే పెట్టు. ఆడ కూడా ఒక బామ్మర్ది ఉండాడు."

అందుకే, అయ్యలారా, అమ్మలారా, గిద్దలూరు బస్టాండులో నిలబడి, ఆగకుండా వెళ్లిపోయిన బస్సు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ తెరకూ రంగు పూయను. తప్పులు తెల్లగానే ఉండనీ. నా కళ్లు పోతే పోనీ, పరాయి సంసారాలు పచ్చగా ఉంటే చాలు.